ఆయన వేసుకున్న మార్కులు

నిజామాబాద్‌లో మేం వెళ్లిన కౌన్సెలింగ్ మేడం మొదటి రోజే మా ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చింది. ఈ వారం ఎంత సంతోషంగా ఉన్నారో పదికి ఇన్ని అని మార్కులు వేసుకోవాలట. నేను పది వేశాను. ఓరకంట చూస్తే మా ఆయనదీ పదే. బాగున్నారా అని ఎవరడిగినా బాగున్నామనే అంటాం మేం. కొత్త మనిషి ముందు ఇంటి సంగతులు విప్పుతామా!

"పదికి పదైతే నా దగ్గరికెందుకొచ్చిండ్రమ్మా?" అని మేడం నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

ఆయన నిజామాబాద్ పసుపు మార్కెట్‌లో గుమస్తా. పోయిన సీజన్‌లో బోధన్ నుంచి రోజూ తిరగలేనని యార్డు దగ్గర గది తీసుకున్నాడు. అప్పటికే మా మధ్య మాటలు తక్కువ. సీజన్ అయిపోయినా గది ఖాళీ చేయలేదు. చెరకు తోటల మీదుగా గంట కూడా పట్టని బస్సు దారి. ఆదివారం వచ్చి, అన్నం తిని, చుట్టంలా వెళ్లిపోయేవాడు. ఆయన ఇంటికొస్తాడా రాడా, నాకు కావలసింది అదొక్కటే.

రెండోసారి నిజమే రాశాను. రెండు. మేడం ముందు పక్కపక్కన కూర్చోవడం, తర్వాత బస్టాండ్ దాకా కలిసి నడవడం అలవాటయ్యాక మూడు, ఆ తర్వాత ఐదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ శనివారాల కోసం ముందురోజే చీర ఇస్త్రీ చేసుకునేదాన్ని.

నాలుగోసారి మేడం కాగితాలన్నీ వరుసగా పరిచింది. ఆ మొదటి దొంగ పది పక్కన పెడితే నావి పెరుగుతున్నాయి. ఆయనవి పది, ఎనిమిది, ఆరు, మూడు. నాతో నడిచినకొద్దీ ఆయన సంతోషం తగ్గుతోందా?

"ఏమైందన్నా?" అని అడిగింది మేడం.

ఆయన బల్ల వైపే చూస్తూ చెప్పాడు. "ముందుగాల రూంల మంచిగనే అనిపిస్తుండె మేడం. ఇప్పుడు స్టవ్ ముట్టిస్తే సాలు, ఈమె యాదికొస్తున్నది. ఒక్కనికే వండుకుంటే బుక్క దిగుతలేదు. మూడు గూడ ఎక్కువనే ఏసిన."

నాకు ఏడుపొచ్చింది. బస్టాండ్‌లో ఆగలేక అడిగేశాను.

"మరింక ఇంటికి రాండ్రి."

"వస్త," అన్నాడు. ఎప్పుడో చెప్పలేదు. సిగ్గో, పంతమో.

బోధన్ బస్సులో ఒక్కదాన్నే కూర్చుని, వచ్చే శనివారం ఆయనకు సున్నా రావాలని దేవుడికి మొక్కుకున్నాను.