సున్నా చుట్టని మాట

పోయిన వారం మా కోడలు ఒక బొమ్మల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆమె పిల్లల పుస్తకాలు అచ్చువేసే చోట పని చేస్తుంది. ఇంగ్లిష్ పుస్తకమొకటి తెలుగు చేయాల్సి వచ్చిందట. రిటైరైన తెలుగు టీచరు ఇంట్లోనే ఊరికే కూర్చుని ఉండగా బయటివాళ్లను అడగడమెందుకు అనుకున్నట్టుంది. పదహారు పేజీలు, ఆకుపచ్చ గౌను వేసుకున్న ఒక పిల్ల. ఆ పిల్లకు అన్నీ వచ్చు. గోడ దూకడం వచ్చు, కుక్కపిల్లకు కట్టు కట్టడం వచ్చు, విన్న పాటను అలాగే పాడడం వచ్చు. చదవడం మాత్రం రాదు. అక్షరాలు ఉన్నచోట ఉండవు, ఒకదాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. బద్ధకమని ఇంట్లో అంటారు, మొద్దు అని బళ్లో అంటారు. చివరికి ఒక టీచరు పక్కన కూర్చుని, ఇది నీ తప్పు కాదు, నీ మెదడు అక్షరాలను వేరేగా చూస్తోంది, మనం వేరే దారిలో నేర్చుకుందాం అంటుంది. దీన్ని డిస్లెక్సియా అంటారని ఆఖరి పేజీలో పెద్దవాళ్ల కోసం చిన్న అక్షరాల్లో రాశారు. పిల్లలకు పెద్ద అక్షరాలు, పెద్దవాళ్లకు చిన్న అక్షరాలు. నా కళ్లద్దాలను అడిగితే ఇది తలకిందుల వ్యవహారమని చెప్పేవి.

ఏడో పేజీ దాకా గంటలో చేసేశాను. అక్కడ ఆగిపోయాను. ఆ పేజీలో పిల్ల ఇంగ్లిష్ 'బి' రాయాల్సిన చోట 'డి' రాస్తుంది. ఒకటి అద్దంలో చూస్తే రెండోదిలా ఉంటుంది కాబట్టి ఆ తికమక. తెలుగులో అలాంటి అద్దపు అక్షరాలు లేవు కదా. "అత్తమ్మా, మన పిల్లలు ఏ అక్షరాలు తారుమారు చేస్తారు? ముప్ఫై ఏళ్లు నోటుబుక్కులు దిద్దారు, మీకు తెలియకుండా ఉంటుందా" అంది కోడలు. తెలుసు. అది తెలియడానికి ముప్ఫై ఏళ్ల దిద్దుడు అక్కర్లేదు. మ, య. రెండింటికీ చివరి మెలిక ఒకటే, మొదట్లోనే తేడా. మా చెల్లెలికి ఆ తేడా ఎన్నడూ కనిపించలేదు.

మాది పాలకుర్తి గుట్ట కనిపించే ఊరు. మా ఇంట్లో చదువు నాతోనే మొదలైంది. చెల్లెలు నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. దాన్ని నేనే చదివిస్తానని మా అమ్మకు మాటిచ్చాను. సాయంత్రం పశువులు ఇంటికొచ్చే వేళకు అరుగు మీద పలక పెట్టుకుని ఇద్దరం కూర్చునేవాళ్లం. తడిపిన బలపం వాసన, పక్కన అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు. చెల్లెలికి కథ ఒకసారి చెబితే చాలు, అక్షరం పొల్లు పోకుండా తిరిగి చెప్పేది. అదే కథ పలక మీద రాయమంటే మాత్రం మొహం పాలిపోయేది. మామను యాయ అని, మేకను యేక అని రాసేది. అమ్మ అని రాయమంటే అయ్య అని రాసేది. మా వైపు నాన్నను అయ్య అంటాం. "అమ్మకు మీసాలు మొలిచినయా" అని నేను నవ్వేదాన్ని, అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మూడోసారి తప్పు రాస్తే నవ్వు పోయి నా చేతికి చింతబరిక వచ్చేది. నాకప్పుడు పదిహేడు, పద్దెనిమిదేళ్లు. చేతి మీద వాత తేలితే అక్షరం కుదురుకుంటుందని నిజంగానే నమ్మాను. చెల్లెలు ఏడ్చేది కాదు. పలక తుడిచి మళ్లీ అయ్య అనే రాసేది.

ఇక మా అయ్య సంగతి. ఆయన ఏడాదికి నాలుగుసార్లు చావుకు సిద్ధమయ్యేవాడు. కడుపులో పట్టేసినా, కాలికి ముల్లు గుచ్చుకున్నా మంచమెక్కి, అందరినీ పిలిపించి, ఎద్దులను ఎవరు చూసుకోవాలో చెప్పి, కళ్లు మూసుకునేవాడు. మర్నాడు పొద్దున లేచి చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుని పొలం పోయేవాడు. నేను హనుమకొండలో హాస్టల్లో ఉండి టీచర్ ట్రైనింగ్ చేసే రోజుల్లో, ఆయన కడుపునొప్పి కోసం రెండుసార్లు పరుగెత్తి వెళ్లాను. రెండుసార్లూ బస్సు దిగేసరికి నాకు ఎదురొచ్చింది ఆయనే. అమ్మ సంగతి వేరు. ఒంట్లో బాగాలేదని ఆమె అనగా నేను విన్నది లేదు.

ట్రైనింగ్ ఆఖరి నెలలో ఒక పోస్టుకార్డు వచ్చింది. ఇంట్లో రాయడం వచ్చిందనిపించుకున్నది చెల్లెలొక్కతే. పన్నెండేళ్లది. అక్షరాలు గీతలకు పైన కొన్ని, కింద కొన్ని. "అక్కకు నయస్కారం. అయ్యకు పానం భాగ లేదు. జొరం తగ్గలేదు. నిన్ను చూడాలి అంటాంది. రా." అంతే. నేను చదివి నవ్వుకున్నాను. అయ్య మళ్లీ చావుకు సిద్ధమయ్యాడన్న మాట. వచ్చే సోమవారం నా పాఠం చూడడానికి పరీక్షాధికారులు వస్తున్నారు, చార్టులు ఇంకా సగమే అయ్యాయి. పాఠాలు దిద్దే ఎర్ర సిరా పెన్ను చేతిలోనే ఉంది. ఊరికే, అలవాటుగా, కార్డులో తప్పులకు సున్నాలు చుట్టాను. నయస్కారం, పానం, భాగ, జొరం. ఆఖరున అంటాంది. అయ్య మగవాడు కదా, అంటాండు అనాలి కదా, దీనికి ఆడా మగా తేడా కూడా తెలియకుండా పోయిందని చివరి సున్నా కాస్త గట్టిగానే చుట్టాను. ఇంటికి వెళ్లినప్పుడు కార్డు చూపించి మందలించాలని సంచిలో పెట్టుకున్నాను.

ఐదో రోజు మా మేనమామ హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. "అమ్మ పోయింది బిడ్డా" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అమ్మనా? అయ్య కాదా?" అని. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఈరోజు వరకూ క్షమించుకోలేదు. పచ్చకామెర్లు, పది రోజుల జ్వరం. పక్కూళ్లో సూది వేసే ఆయన ఒక్కడే చూశాడు. పెద్ద దవాఖానకు పోదామంటే, బిడ్డ వచ్చినంక దానితో పోతా, దానికి అక్కడ అన్నీ తెలుసునని అమ్మే అందట. నా కోసం ఆగింది. కార్డు అందిన రోజే నేను బయల్దేరి ఉంటే బతికేదో లేదో ఏ డాక్టరూ చెప్పలేడు. నేను బయల్దేరలేదు, నాకు తెలిసింది అంతే.

తర్వాత నేను చేసింది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఇల్లంతా చుట్టాలు. బిడ్డ కోసం చూసి చూసి పోయింది, పెద్దది ఎందుకు రాలేదు అని ఆడవాళ్లు నా మొహం మీదే అంటున్నారు. నేను సంచిలోంచి కార్డు తీశాను. "సూడుండ్రి, అయ్యకని రాసింది. నాకెట్ల తెలుస్తది" అన్నాను. చదవడం వచ్చిన ఒకరిద్దరు అటూ ఇటూ తిప్పి చూసి, అవునన్నారు. అందరి కళ్లూ దర్వాజా దగ్గర నీళ్ల బిందె పట్టుకుని నిలబడ్డ చెల్లెలి మీదికి పోయాయి. ఒక అత్త, "ఒక్క అచ్చరం పాడుగాను, తల్లినే మింగింది" అంది. నేను ఆపలేదు. చెల్లెలు బిందె దించి, నా చేతిలోంచి కార్డు తీసుకుని లోపలికి పోయింది. మళ్లీ బడికి పోలేదు. అయ్య రెండు రోజులు పొమ్మని చూసి ఊరుకున్నాడు. ఆ నెలలోనే నాకు ట్రైనింగ్ సర్టిఫికెట్ వచ్చింది, తెలుగు బోధనలో మంచి మార్కులతో.

తర్వాత నేను ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. చెల్లెలిని ఎనుమాముల దగ్గర ఇచ్చారు. మార్కెట్ యార్డు పక్కన మిరపకాయలు ఏరే పనిలో ఇప్పటికీ ఉంది. అక్క టీచరు, చెల్లెలు వేలిముద్ర. రిటైరయ్యే ముందు ఒక శిక్షణలో, మధ్యాహ్నం భోజనం తర్వాత, ఇలాంటి పిల్లల గురించి ఒక గంట చెప్పారు. సగం మంది కునుకు తీశారు, మిగతా సగం టీ కోసం చూశారు. నేను కునుకు తీసిన వాళ్లలో ఉన్నాను. నా చేతి కింద ఇలాంటి పిల్లలు ఎంతమంది నడిచిపోయారో, ఎంతమంది నోటుబుక్కుల నిండా ఎర్ర సున్నాలు చుట్టానో తలుచుకుంటే ఇప్పుడు నాకు అన్నం సయించడం లేదు.

ఏడో పేజీని అలాగే వదిలేసి, పుస్తకం పట్టుకుని నిన్న ఎనుమాముల వెళ్లాను. చెల్లెలి వీధిలోకి తిరగ్గానే మిర్చి ఘాటుకు నాకు దగ్గు పట్టుకుంది. దానికి ఏ దగ్గూ లేదు. "ఏందక్కా, చెప్పకుంట వచ్చినవ్" అంటూ చాప వేసింది. నేను పుస్తకం తెరిచి ఒక్కో పేజీ చదివి వినిపించాను. అది బొమ్మల మీద నుంచి కళ్లు తిప్పలేదు. మిరప గింజల మంటకు ఎర్రబారిన వేలితో ఆఖరి బొమ్మ చూపించి, "గీ పిల్ల పక్కన కూసున్నది ఎవలు?" అని అడిగింది.

"టీచర్."

"కొడ్తలేదా?"

"లేదు."

"బొమ్మల పుస్తకం గదా" అంది, అంతే సంగతి అన్నట్టు.

నేను ఇక ఆగలేకపోయాను. "చెల్లే, నీకు గూడ ఇదే ఉండె. నువ్వు మొద్దువు గాదు. తప్పు నీది గాదు" అన్నాను. అది లేచి లోపలికి పోయి, దేవుడి పటాల వెనక నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ఆ కార్డు. అంచులు చిరిగి, పచ్చబడింది. నా ఎర్ర సున్నాలు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఎప్పటి సంది అడుగుదామనుకుంటాన. ఎవలికన్న చూపిస్తే ఇజ్జత్ పోతదని అడగలే" అంది. "ఐదు సున్నలున్నయి ఇండ్ల. అమ్మను సంపింది ఏది?"

నలభై మూడేళ్లుగా అది ఆ ఐదు సున్నాల్లో వెతుక్కుంటోంది. అక్క టీచరు, తప్పు ఉన్నచోట సున్నా చుట్టే ఉంటుందని నమ్మింది. నేను వేలితో అయ్యకు అన్న మాట చూపించాను. అది దగ్గరికి పెట్టుకుని చూసింది.

"దీనికి సున్న లేదు గదా."

"లేదు. నాకు కనపడలే."

"మరి గీ ఆఖరుది?"

"అది అంటాంది అని. చూడాలి అంటాంది. అది ఒప్పే చెల్లే. అమ్మ గురించే రాసినవని కార్డుల అదొక్కటే చెప్పింది. దానికి నేను సున్న చుట్టిన. పైన నమస్కారంల గూడ మ బదులు య రాసినవ్, అదీ చూసిన. నీ రాత నాకంటే ఎక్కువ ఎవ్వలకు ఎరుక లేదు. నేనే సరిగ్గ సదువలే."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కార్డును కవరులో పెట్టి, కవరు మడిచి, మడత మీద గోటితో గీసింది. "గీ ముచ్చట గప్పుడే చెప్తె, నేను బడికి పోదును గదక్కా" అంది. రేపు యార్డు బందు అని చెప్పినంత మామూలుగా అంది. తర్వాత చాయ్ పెట్టడానికి లేచింది. స్టవ్ ముందు నిలబడి వెనక్కి తిరక్కుండానే, "ఆ పుస్తకం నాకొద్దు, సదివెటోల్లకియ్యి" అంది.

కోడలు రాత్రి ఏడో పేజీ సంగతి అడిగింది. మామ, యాయ అని పెట్టమన్నాను. అమ్మ, అయ్య అని పెట్టమనడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజుల్లో మా ఊరి నుంచి హనుమకొండకు కార్డు మూడు రోజుల్లో వచ్చేది. అది కూడా మూడు రోజుల్లోనే వచ్చింది, దాన్ని చదవడానికే నాకు నలభై మూడేళ్లు పట్టింది.