పసుపు చేలో పడ్డ పెట్టె

అరవైల్లో సంగతి. పెళ్లయి మెట్‌పల్లి దగ్గరి పల్లెకు కాపురానికొచ్చి నాలుగు నెలలైంది. మామ ఎదుట కోడలు నోరు విప్పకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. నేను ఐదో తరగతి దాకా చదివానని కూడా ఆయనకు తెలియదు.

ఒక పొద్దున అందరం పసుపు తవ్వుతుంటే, చిరిగిన తెల్లటి బెలూన్ ఒకటి ఆకాశంలోంచి జారి చేలో పడింది. ఇల్లంత ఉంది. దాని తాడుకు ఒక రేకు పెట్టె.

"గిది బాంబే! బాయిల పడేస్తే సల్లారుతది," అంటూ మామ పెట్టెను బావి గట్టుకు ఈడ్చారు. దానికి అంటించిన కాగితం నా కంటబడింది. తెలుగే!

"మామా, ఆగుండ్రి!" అని అరిచాను. కూలీలంతా కొయ్యబారిపోయారు. సిగ్గుతో చచ్చిపోతూనే గట్టిగా చదివాను. "భయం లేదు. తెరవకండి, తడపకండి. ఠాణాకు కబురు చెయ్యండి."

మామ పెట్టెను మా వాకిట్లో పెట్టించి, ఠాణాకు కబురు పంపారు.

మూడో రోజు హైదరాబాదు నుంచి జీపులో ఒక శాస్త్రవేత్త వచ్చారు. మేఘాలపైకి బెలూన్లు పంపి అక్కడి సంగతులు తెలుసుకోవడంలోనే ఆయన జుట్టు నెరిసిందట. పెట్టెను పసిపిల్లలా ఎత్తుకుని, "ఇలాంటివి ఎన్నో భయంతో పగలగొట్టారు. దీన్నెవరు కాపాడారు?" అన్నారు.

నేను తలుపు చాటున నిలబడి వింటున్నాను.

"మా కోడలు సారూ. సదువుకున్నది," అన్నారు మామ. నావైపు తిరిగి, "గాడ నిలవడ్డవేంది బిడ్డా? ముందుకు రా," అన్నారు.

ఆ పెట్టె ఎంత ఎత్తుకు పోయొచ్చిందో నాకిప్పటికీ తెలియదు. నేను మాత్రం ఆ రోజు తలుపు చాటు నుంచి వాకిట్లోకి వచ్చాను. మళ్లీ వెనక్కి పోలేదు.