హన్మంతు ఐదో చావు

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో మా హన్మంతు ఐదుసార్లు చచ్చిపోయాడు. ఐదుసార్లూ నేను పక్కనే ఉన్నాను.

నేను చదివిన కాన్వెంటులో ఒక మదర్ ఉండేది. అబద్ధమాడాక వెంటనే దిద్దుకుంటే దేవుడు పట్టించుకోడని ఆవిడ చెప్పేది. అందుకని దిద్దుకుంటున్నాను. అతను మూడోసారి చచ్చిపోయినప్పుడు నేను కారులో కూర్చుని టీ తాగుతున్నాను, చూడలేదు. పైగా మొదటి నాలుగుసార్లూ అతను లేచి, బట్టలు దులుపుకుని, సోమవారం పొద్దున మళ్ళీ బస్సు తోలాడు. మిగతాదంతా నిజం.

హన్మంతుది కోరుట్ల దగ్గర ఊరు. పాతికేళ్ళ వయసులో హైదరాబాదులో సినిమా యూనిట్లకు వ్యాను నడిపాడు. భార్య శివపార్వతి నర్సు. ఆమెకు ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే వెనకే వచ్చి, ఏడాది తిరక్కుండా టౌన్ బస్సు డ్రైవరయ్యాడు. వాళ్ళ ఇల్లు మా అమ్మాయి ఇంటికి రెండిళ్ళ అవతల. వానలో పరిగెత్తుకొచ్చే ముసలివాళ్ళ కోసం బస్సు ఆపే డ్రైవరు ఆ ఊరు మొత్తానికి అతనొక్కడే. ఒక్కడే అంటే ఎక్కువేమో. ఇద్దరుంటారు.

అతనికి ఒకే ఒక భయం. చిన్నప్పుడు రామలింగయ్య అనే ఆయన రాసిన జాతకంలో యాభై ఆరో ఏట గండం అని ఉంది. అదే కాగితంలో తమ్ముడు సముద్రం దాటుతాడని ఉంటే తమ్ముడు మస్కట్ వెళ్ళాడు. చెల్లెలికి కవలలని ఉంటే కవలలే పుట్టారు. ఇక హన్మంతు ఎలా నమ్మకుండా ఉంటాడు? 2018 నవంబరు ఇరవైతో అతని యాభై ఆరో ఏడు నిండుతుంది. ఆ రోజు దాటాలి. ఆ ఏడాది అతను పెట్టుకున్న పని అదొక్కటే.

మెట్లెక్కితే ఛాతీలో మంటగా ఉందని అతను అప్పుడప్పుడు అనేవాడు. క్లినిక్కుకి పోయి జీపీకి, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరుకి, చూపించుకొమ్మని శివపార్వతి ఏడాదిగా పోరుతోంది.

"జీపీ కాడికి పోతే రోగం ఉందంటడు. ఈ ఏడు నాకు రోగం వద్దు" అనేవాడు హన్మంతు.

"నువ్వు వద్దంటే ఊకుంటదా అది?"

"ఇరవై తారీఖు దాటినంక పోత. అప్పటిదాక ఆ ముచ్చట తియ్యకు."

ఆ ఉగాది సంబరంలో సిరి లేచి మైకు పట్టుకుంది. విజయవాడ పిల్ల, ఇక్కడ సినిమా చదువుతోంది. చదువు పూర్తవ్వాలంటే ఒక కౌబాయ్ సినిమా తీయాలట. ఒకటే సినిమా, లోపల ఐదు కథలు. గుర్రాలూ తుపాకులూ తిరిగే ఆ ఎడారి దేశంలో కథకొకరిని చావు వెతుక్కుంటూ వస్తుంది. నటించేవాళ్ళు కావాలని అడిగింది. అందరూ పులిహోర ప్లేట్ల వైపు చూశారు. హన్మంతు చెయ్యెత్తాడు.

"ఎన్ని చావులున్నయ్ బిడ్డా?"

"ఐదు అంకుల్. కథకొకటి."

"ఐదూ నాకే ఇయ్యి."

"ఒకే మనిషి ఐదు కథల్లో ఎలా చస్తాడు అంకుల్?"

"మీసం మార్చుకుంట."

ఇంటికి వచ్చే దారిలో నాకు మాత్రం అసలు సంగతి చెప్పాడు. "రాసిపెట్టిందాన్ని తప్పించలేం సార్. కానీ ఎట్ల చావాల్నో రాయలే కద. ఐదుసార్లు నేనే ఇచ్చేస్త. ఇగ ఆరోది అడగాలంటే దానికే సిగ్గైతది."

ఒక షరతు కూడా పెట్టాడు. హైదరాబాదు యూనిట్లలో అతను చూసిన ఆచారం అది. శవంగా పడుకున్న నటుడు సీను అయిపోగానే లేచి కూర్చుని కెమెరాలోకి నవ్వాలి. ఆ నవ్వు తీశాకే ఇంటికి పంపుతారు. నవ్వకుండా లేస్తే చావు వెంట నడుచుకుంటూ ఇంటికి వస్తుందట. సిరి సరేనంది.

వేసవిలో ఊరవతల పాత రాతి గనిలో షూటింగు మొదలైంది. మొదటి కథలో బావి నీళ్ళ తగాదాలో తుపాకీ దెబ్బ తిన్నాడు. రెండోదాంట్లో పాము కాటు. మూడోదాంట్లో నది దాటుతూ మునిగిపోయాడు. నెన్ నది అక్కడ మోకాలి లోతే కాబట్టి మునగడానికి అతను పడుకోవాల్సి వచ్చింది. నాలుగోదాంట్లో మంచులో గడ్డకట్టాడు. మంచు కోసం సిరి మూడు బస్తాల ఉప్పు తెచ్చింది. ప్రతి చావు తర్వాతా లేచి, చెవుల దాకా నవ్వి, కెమెరా ఆగిందని రూఢి చేసుకుని కదిలేవాడు.

చిక్కు ఐదో కథ దగ్గర వచ్చింది. అందులో హన్మంతు శవపెట్టెలు చేసే ముసలి వడ్రంగి. ఊరంతా పోయినా చావు ఇతన్ని మరిచిపోతుంది. చివరికి ఒక్కడే మిగులుతాడు.

"కుదరదు. సచ్చుడే" అన్నాడు హన్మంతు.

"అదే కథలో విషాదం అంకుల్. మిగిలిపోవడం."

"ఊరందరికి పెట్టె చేసినోనికి పెట్టె ఉండొద్దా? నువ్వు మాటిచ్చినవ్. ఐదంటే ఐదు."

రెండు వారాలు వాదించుకున్నారు. చివరికి అలసిపోయి సిరి కథ మార్చింది.

నవంబరు రెండో ఆదివారం. ఇరవైకి ఇంకా తొమ్మిది రోజులుంది. ముక్కలుగా వచ్చే వార్డ్‌రోబ్ చెక్కలతో శవపెట్టె బిగించారు. ఆఖరి రోజు గుమ్మడికాయ కొట్టాలి కదా, ఇక్కడి దయ్యాల పండగ హాలోవీన్‌లో మిగిలిపోయిన కాయొకటి దొరికింది. దానికి అప్పటికే కళ్ళూ పళ్ళూ చెక్కి ఉన్నాయి. హన్మంతు ఛాతీ మీద ఎర్రరంగుతో పెట్టెలో పడుకుని హాయిగా చచ్చిపోయాడు. సిరి కట్ అంది. అప్పుడే చలికి కెమెరా బ్యాటరీ చచ్చిపోయింది. రెండోది ఇంట్లో మరిచిపోయింది.

"లేవండి అంకుల్, చినుకులు పడుతున్నాయి. నవ్వు రేపు తీద్దాం."

"లేవ. నవ్వు తియ్యనిదే లేవ. నువ్వు పోయి బ్యాటరీ తీసుకరా." కళ్ళు మూసుకునే అన్నాడు.

పోయి రావడానికి ముప్పావుగంట. సిరి కారెక్కింది. నేను అతని మొహం మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాను. పెట్టె పక్కన గుమ్మడికాయ నవ్వుతోంది. అతను పలకడం మానేశాడు. శవం మాట్లాడకూడదని పట్టుదల కాబోలనుకున్నాను.

అప్పుడు గట్టు మీద కుక్కను తిప్పుతున్న ఒకావిడ కిందికి చూసింది. పెట్టెలో నెత్తుటి మనిషి, పక్కన గొడుగుతో ముసలాడు. ఆవిడ ఫోను తీసింది. పావుగంటలో అంబులెన్సు వచ్చింది.

ఇది సినిమా అని పారామెడిక్ కుర్రాడికి చెప్పాను. రంగు వేలితో తాకి నవ్వాడు. అయినా పద్ధతి ప్రకారం మణికట్టు పట్టుకున్నాడు. అతని నవ్వు ఆగిపోయింది. హన్మంతు చొక్కా విప్పి వైర్లు అంటించాడు. ఈసీజీ కాగితం బయటికొస్తుంటే రెండుసార్లు చూశాడు. రంగు అబద్ధమే గానీ గుండె చెబుతున్నది అబద్ధం కాదు, ఇప్పుడే తీసుకెళ్ళాలి అన్నాడు.

హన్మంతు ఒక కన్ను తెరిచాడు. "సిరి వచ్చిందా?"

"రాలేదు. లే హన్మంతూ, ప్రాణం మీదికొచ్చింది."

"అందుకే లేస్తలేను సార్."

నేను గొడుగు మడిచి పక్కకు జరిగాను. అంబులెన్సు వాళ్ళిద్దరూ ఎత్తి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. అతను మళ్ళీ కళ్ళు మూసేశాడు. అంబులెన్సు తలుపులు వేసేలోపు సిరి కారు గనిలోకి దూసుకొచ్చింది. పారామెడిక్ వద్దంటున్నా కెమెరా లోపలికి చాచింది. హన్మంతు వైర్లతో సహా తలెత్తి, ఆ ఏడాది మొత్తంలో అంత మంచి నవ్వు నవ్వాడు. తర్వాతే ఆక్సిజన్ పెట్టుకోనిచ్చాడు.

రెండు రక్తనాళాలు దాదాపు మూసుకుపోయాయి. స్టెంట్లు వేశారు. ఇంకో వారం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడట.

శివపార్వతి డ్యూటీ బట్టల్లోనే వార్డుకి వచ్చి మంచం పక్కన కూర్చుంది. "ఏడాది నుంచి జీపీ కాడికి పొమ్మంటే పోలే. పెట్టెల పండి దొరికినవ్."

"దొరికిన కద" అన్నాడు హన్మంతు.

ఆమె దుప్పటి సరిచేసి అతని చెయ్యి పట్టుకుంది. ఇరవై తారీఖున వాళ్ళింట్లో కేకు కోశాం. శివపార్వతి నూనె లేని పూరీలు వడ్డించింది.

మరుసటి ఏడాది వేసవిలో చర్చి హాలులో సినిమా వేశారు. ఐదు కథలయ్యాక ఐదు నవ్వులూ వరసగా చూపించింది సిరి. వైర్ల నవ్వుకి హాలంతా లేచి నిలబడింది. హన్మంతు మాత్రం కుర్చీలో తల దించుకుని కూర్చున్నాడు.

ఇది రాసి మొన్న అతనికి చదివి వినిపించాను. చివరిదాకా విని, పొద్దుటి గుండె మాత్రలు నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు.

"ఇందుల ఒక్క ముక్క నిజం లేదు సార్. నేను ఏ సిన్మాల చెయ్యలే. గుర్రం మొకమే చూడలే. గండం గిండం నాకెవరూ రాయలే. ఆ వైర్లోడు ఎవరో నాకు ఎరుక లేదు. ఆదివారాలు నేను ఇంట్లనే పండుకుంట."