పక్కింటి ఎండ

మాది గూడూరుకు తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. మా ఇంటి ఉత్తరపు గోడకు అవతల ఒక అక్క ఉంటుంది. చుట్టరికమేమీ లేదు, ఇద్దరం ఒకే చర్చికి వెళ్తాం. గూడూరు మార్కెట్ నుంచి నిమ్మకాయలు తెప్పించి ఊరగాయ పెట్టి అమ్ముతుంది. ఉప్పులో ఊరిన బద్దలను రోజుల తరబడి చాపల మీద ఎండబెట్టాలి. పెరట్లో పడే ఆ ఎండే ఆమె బతుకుతెరువు.

ఒక వానాకాలం నా మునగచెట్టుకు గొంగళిపురుగులు పట్టి, గోడ దిగి ఆమె చాపల మీదికి పాకాయి. మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ "చూద్దాం లే అక్కా" అన్నాను. నేను చెన్నై వెళ్లిన రోజు ఆమె మనిషిని పెట్టి చెట్టును మొదలంటా కొట్టించింది. తిరిగొచ్చి అడిగితే, "పురుగుల్ని మేపేదానికా అబ్బయా నీకు చెట్టు?" అంది. వీధిలో ఉన్నవాళ్లు నవ్వారు. చెట్టు పోయినందుకు కాదు, ఆ నవ్వుకే నేను కాలిపోయాను.

ఆ రోజుల్లోనే ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఇంటి పెరట్లో అడవిలాగా అంతస్తులుగా పెంచే తోట. పైన పెద్ద చెట్లు, వాటి కింద చిన్నవి, పొదలు, నేల మీద తీగలు, మట్టిలో దుంపలు. అందులో ఒక నియమం నాకు మరీ నచ్చింది. ఎత్తుగా పెరిగేవి ఉత్తరం వైపు పెడితే వాటి నీడ మిగతా మొక్కల మీద పడదట. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు కనుక నీడంతా గోడ అవతలికే పోతుంది.

ఇసుక నేలలో గుంటలు తీసి చెరువుమట్టి, పేడ నింపాను. త్వరగా చెట్టుగా లేస్తుందని గోడ వెంట అవిసె విత్తాను. దాని మధ్యలో అంటు పనస పెట్టాను. ఇవతలగా అరటి, కరివేపాకు, వాటి కింద అల్లం, పసుపు, చిలగడదుంప. నీళ్లు పోసినప్పుడల్లా గోడ మీదుగా చూసేవాణ్ని, నీడ ఎంతదాకా పోయిందోనని. రెండో ఏడు చాప అంచు దాకా పోయింది. మూడో చలికాలం ఆమె పొద్దంతా చాపను ఎండలోకి ఈడ్చుకుంటూనే ఉంది. అయినా జాడీలకు బూజు పట్టింది. ఆమె వాటిని పారబోసిన రోజు నేను ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాను.

ఎవరైనా తోటను మెచ్చుకుంటే "అంతా దేవుని దయ" అనేవాణ్ని. అది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే క్రీస్తు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. మనసులో పగ ఉన్నవాళ్లు ఆ రొట్టె తీసుకోకూడదు. చెట్లు నాటడం పగెట్లా అవుతుందని నేను ప్రతినెలా తీసుకున్నాను. నాలుగో ఏడు ఒక ఆదివారం, ఇంటికి రాగానే నా భార్య అడిగింది.

"ఆ అక్క ఏడాదిగా బల్ల తీసుకోవడంలా. చూసినారా?"

"ఎందుకంట?"

"మీ మీద కోపం పోలేదంట. పెట్టుకోని ఎట్ట తీసుకునేది అంటా ఉంది. మీరేమో ముందు వరసలో నిలబడతారు."

ఆ సాయంత్రం గోడ దగ్గరికి వెళ్లాను.

"అక్కా, నీ ఎండ ఆపేదానికే ఈ చెట్లు పెట్టినా."

"తెలుసు లే. పోయినేడాదే తెలిసింది."

"మరి అడగలేదే?"

"అడిగితే చూద్దాం లే అంటావు గదా."

క్షమించమన్నాను.

"నోటితో అంటే ఎండ వస్తాదా? పొద్దున్నే కొట్టు. నేను చూస్తా."

తెల్లారి ఆమె గోడ అవతల కుర్చీ వేసుకుని కూర్చుంది. అవిసెలు తేలిగ్గానే పడ్డాయి. చెమట తుడుచుకుంటుంటే పనస వైపు వేలు చూపించింది. అది ఆ ఏడే తొలిపిందెలు వేసింది.

"అది కూడానా? కొమ్మలు తీస్తాలే అక్కా."

"దాని నీడ తియ్యగా ఉండాదా ఏంది?"

ఆమె కుర్చీలోంచి కదల్లేదు. తప్పు దిద్దుకోవడానికి పట్టిన గొడ్డలిని ఆమె మీద కసితోనే ఎత్తాను. ప్రతి వేటూ ఆమెనే తలుచుకుని వేశాను. చెట్టు ఒరిగింది. ఎండ వెళ్లి ఆమె ఒళ్లో పడింది.

నా చేతులు పనసపాలతో అంటుకుపోయాయి. కుళాయి కింద ఎంత రుద్దినా వదల్లేదు.

"నీళ్లకు పోదు అది," అంటూ ఆమె లోపలికి వెళ్లి, గిన్నెలో నూనె తెచ్చి గోడ మీద పెట్టింది. నా మొహం వైపు చూడలేదు. నేనూ తలెత్తలేదు. నూనె మాత్రం తీసుకున్నాను.