కొసకు పెట్టిన బొట్టు

మా చిన్నప్పుడు... మిర్యాలగూడలో మా గోడ అవతలే రైస్‌మిల్లు. దాని మోటార్లు నడిచినంతసేపూ అన్నయ్య కంప్యూటర్‌కు తగిలించిన స్పీకర్లలో పాట వెనకే ‘గుంయ్’మని ఒక మోత...

అన్నయ్య అప్పుడు సూర్యాపేటలో డిగ్రీ చదువుతున్నాడు. నేను తొమ్మిదో తరగతి. నాయినతో కలిసి కొత్త స్టీరియో కొనడానికి వెళ్తే కోదాడ షాపాయన రెండు రకాల వైర్లు చూపించాడు. ఒకటి మామూలు రాగి వైరు. రెండోది లోపలినుంచి ఎర్రటి వెలుగు పోయేది. “రెండింట్లోనూ సౌండు ఒకటేనండి” అన్నాడు. అన్నయ్య వెలుగు వైరే కావాలన్నాడు. దాంట్లో కరెంటు పోదు కనుక మోత రాదట.

నాయిన నమ్మలేదు. “లైటు పోతే పాటెట్లొస్తదిరా? వైరు కొంటున్నవా, టార్చిలైటు కొంటున్నవా?”

“వస్తది నాయినా. దసరా నాడు అందరి ముంగట వినిపిస్త, సూడు.”

నాయిన ఆ మాట వాడంతా చెప్పాడు...

కొత్త వస్తువు పూజ కాకుండా తగిలించొద్దని అమ్మ పట్టు. దసరా పొద్దున స్టీరియో, వైరు పీట మీదికి చేరాయి. సాయంత్రం జమ్మి ఇవ్వడానికి వచ్చిన వాళ్లందరినీ నాయిన కూర్చోబెట్టాడు. అన్నయ్య హడావిడిగా బల్ల వెనక్కి చెయ్యి పెట్టి, తడుముకుంటూ వైరు గుచ్చాడు. తెర మీద పాట నడుస్తోంది... చప్పుడు మాత్రం లేదు.

“ఏందిరా అల్లుడా, పాట కండ్లతోని వినాల్నా?” అన్నాడు పక్కింటి మామ. ఇల్లంతా నవ్వు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. నాయిన తన చేతిలోని జమ్మి ఆకును చూస్తూ కూర్చున్నాడు.

అన్నయ్య వైరు బయటికి లాగాడు. వెలుగు రావాల్సిన మొన మీద తడి పసుపు, దాని మీద కుంకుమ... ఏ వస్తువూ చిన్నబుచ్చుకోకూడదని అమ్మ వైరు రెండు కొసలకూ బొట్టు పెట్టింది.

“కొసకు పెట్టొద్దని నాకేమెరుక బిడ్డా...” అంది అమ్మ వంటింటి గడపలో నిలబడి.

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అన్నయ్య రుమాలుతో కొసలు తుడిచాడు. పాట వచ్చింది, మోత లేకుండా. “వచ్చిందిరో!” అని నాయిన తొడ చరిచాడు. ఆడవాళ్లు పిలిచినా అమ్మ మాత్రం బయటికి రాలేదు. జమ్మి తీసుకుని నేనే వెళ్లాను. తల ఎత్తకుండా చెయ్యి చాపింది. అందరి ముందు అమ్మను చూసి సిగ్గుపడ్డ నాకు, అక్కడ నన్ను చూసుకుంటే సిగ్గేసింది.

ఆ తర్వాత ప్రతి దసరాకు అమ్మ ఒక్కో వస్తువు ముందు ఆగేది. “దీనికి పెట్టొచ్చునా?” కుట్టుమిషన్ దగ్గరా అడిగేది. చివరికి తన రోలు దగ్గర కూడా...

ఇప్పుడు పాటకు వైరే అక్కర్లేదు. ఆ పాత వైరు మాత్రం చుట్టి, చీటీ అంటించి అల్మారాలో దాచాను. దసరాకు తీసి నడిమధ్య బొట్టు పెడతాను. పెట్టొచ్చునా అని అడిగే గొంతే ఇంట్లో లేదు...

నలుగురు నవ్విన ఒక్క నవ్వుతో ఇలా అడగడం నేర్చుకున్న అమ్మలు మీ ఇళ్లలోనూ ఉన్నారా? ఉంటే చెప్పండి...