వెనకనుంచి కథ చెప్పిన అత్త

ఒక మనిషి బతుకును ఎటువైపు నుంచి చెబితే న్యాయం? ఏళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది. దీన్ని నాకు అంటించిన మా మేనత్త రెండు నెలల కిందట, బర్మాలో, పబేడాన్ పేటలోని తన గదిలో, మధ్యాహ్నం కునుకులోనే పోయింది. కింది అంతస్తు బర్మా ఆవిడ ఫోన్ చేసి, తనకు వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట అంది: "అత్త." మిగతాది నాకు అర్థమైంది.

అత్త ఆదివారాలు గుడి వసారాలో పిల్లలకు తెలుగు నేర్పేది. పొట్లానికి కట్టిన పురికొసను ఎవరినీ కత్తిరించనిచ్చేది కాదు. ఓపిగ్గా ముడి విప్పి, వేలికి చుట్టి దాచేది. తాళ్ళు పేనిన ఇల్లు మరి. మా ముత్తాత తండ్రి పందొమ్మిదో శతాబ్దంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడ కూలీగా వచ్చి, సేక్కాన్ రేవు పక్కన తాళ్ళ కార్ఖానా పెట్టి, చివరికి శాసనమండలి సభ్యుడయ్యాడు. ఆ గుడి కట్టించిందీ ఆయనే. చీకటి పడ్డాక పిల్లల చేత పని చేయించకూడదని మండలిలో వాదించాడు. అంతకుముందు ఆయన కార్ఖానాలో రాత్రీ పగలూ తాడుకు పురిపెట్టే రాట్నాలు తిప్పింది పిల్లలే.

ఏటా పెద్దల అమావాస్య నాడు, గుడిలో భోజనాలకు ముందు ఆయన కథ చెప్పడం ఆనవాయితీ. అందరూ ఓడ కూలీతో మొదలుపెట్టి మండలి కుర్చీ దగ్గర ముగించేవారు. అత్త తన వంతు వచ్చినప్పుడు కుర్చీతో మొదలుపెట్టి రాట్నాల దగ్గర ఆపింది. తాడు పేనేవాడు వెనక్కి నడుస్తూ పేనుతాడు, ఆయన కథా అలాగే నడవాలంది.

గుడి పెద్ద ఒకాయన నవ్వుతూనే దెప్పాడు: "సొంత ముత్తాత మీద ఏటమ్మా నీకింత కచ్చ?"

"కచ్చేటన్నయ్యా? రాట్నం తిప్పినోళ్ళ మనవలు కూడా ఈ బంతిలోనే కూకున్నారు. కుర్చీ కాడ ఆపేస్తే ఆళ్ళ పెద్దలకి కూడెవరెడతారు?"

తర్వాతి ఏడు ఆమెను చెప్పొద్దన్నారు. వచ్చి నిలబడి చెప్పింది. మైకు ఇవ్వకపోతే గొంతు పెంచింది. ఆ పై ఏళ్ళూ అంతే.

ఈసారి నేను లేచాను. ఓడ కూలీతోనే మొదలుపెట్టమని పెద్దలు ముందే నా చెవిన వేశారు. అయినా కుర్చీతోనే మొదలుపెట్టాను, రాట్నాల దగ్గరే ఆపాను.

భోజనాలయ్యాక, సేక్కాన్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది. రాట్నం తిప్పిన పిల్లల్లో ఆమె తాతమ్మ ఒకతె.

"మీ అత్తతో అననేకపోనానమ్మా. నలుగురిలో ఆ మాట ఇంటే మాకు సిగ్గేస్తాది."

ఆమె గొంతులో కోపం లేదు. తడి చేతులు తను కట్టుకున్న బర్మా లుంగీకి తుడుచుకుని, మనవరాలి భుజం ఆనుకుని ఒక్కో మెట్టూ దిగింది.

వచ్చే ఏడూ నేను వెనకనుంచే చెబుతాను. అందులో అనుమానం లేదు. ఆ ముసలమ్మ అన్నది విన్నాక కూడా అలా చెప్పడం న్యాయమో కాదో మాత్రం నాకింకా తేలలేదు.