స్టేజీ ఖాళీగా ఉంచిన కోడలు

“స్టేజీ మీద కుర్చీలు వెయ్యకపోతే పెద్దలెక్కడ కూర్చుంటారే? నా నెత్తి మీదా?” అన్నాడు మా పెద్దాడు శేషగిరి.

“కిందే పెదనాన్నా, పిల్లల వెనకాల. అమ్మ అలాగే కూర్చోబెట్టేది,” అంది మనవరాలు హారిక.

“మీ అమ్మకి చెల్లింది. రేపు హాల్లో అంతమందీ నోళ్ళు కుట్టేసుకుని కూర్చుంటే నువ్వేం చేస్తావ్? నలుగురు పెద్దలు పైనుంటే తలో మాటా చెప్పి గట్టెక్కిస్తారు. సంతాపం కూడా అక్కడే కానిచ్చేయొచ్చు.”

“అమ్మకి సంతాపం వద్దు. సదస్సు కావాలి,” అని ఆ పిల్ల ఏడ్చేసింది.

ఆ అమ్మ మా చిన్నకోడలు సుజాత. నందిగామలో కాలేజీ లెక్చరర్. ఏటా జగ్గయ్యపేట కల్యాణమండపంలో చుట్టుపక్కల పిల్లలకి యువ నాయకత్వ సదస్సు జరిపించేది. ఈమధ్యే పాఠం చెబుతూ చెబుతూ కూలబడిపోయిందని ఫోనొచ్చింది. పొయ్యి ఆపకుండా వీధిలోకి పరుగెత్తా. మేం ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం పోయింది. ఇంట్లో అన్నం మాడి బొగ్గయింది. మెతుకు పారేస్తే ఎవర్నీ వదలని దాన్ని, ఆ రోజు నన్నెవరూ ఒక్క మాటనలేదు.

కీర్తిశేషురాలు ధైర్యశాలి అని అందరూ అంటున్నారు. కాదు. సుజాత మహా పిరికిది. సదస్సు ముందురోజు ముద్ద దిగేది కాదు. వేదాద్రి తీసుకెళ్తే పిల్లలు కృష్ణలోకి దిగుతారేమోనని భయం. చిల్లకల్లు దగ్గర రోడ్డు దాటుతుంటే లారీ వస్తుందేమోనని భయం. అన్నిటికన్నా, ఎవరూ నోరు విప్పరేమోనని భయం.

ఆ భయంతోనే మొదటి ఏడు పెద్దల్ని స్టేజీ ఎక్కించింది. దండలు, శాలువాలు. భోజనాల వేళ దాకా వాళ్ళ ఉపన్యాసాలే. పిల్లలు తిని బస్సులెక్కి పోయారు. ఇంటికొచ్చి, “అత్తయ్యా, నాయకత్వం నేర్పుతానని పిలిచి చప్పట్లు కొట్టడం నేర్పి పంపా,” అంది.

మరుసటి ఏడు నుంచీ స్టేజీ ఖాళీ. “మీ ఊళ్ళో మీకు దేనికి భయం?” అని అడిగి, తనూ చాప మీద కూర్చునేది. హాలంతా నిశ్శబ్దం. ఏదో ఒకటి మాట్లాడవే అని వెనకనుంచి పొడిచేదాన్ని. “ఆగండత్తయ్యా. మన భయం కొద్దీ మనం మాట్లాడేస్తే వాళ్ళ మాట మింగేసినట్టే,” అనేది.

అలా ఆగితేనే ఓసారి వీరులపాడు వైపు పిల్ల ఒకతి లేచింది. సాయంత్రం బస్సు రావట్లేదు, చీకట్లో నడవలేక చదువు మానేస్తున్నానంది. మేమూ అంతే అని ఇంకొందరు లేచారు. వాళ్ళే కలిసి బస్సు డిపోకి వెళ్ళి అడిగారు. బస్సొచ్చింది.

రెండుసార్లు టీ దండగని నేను సణిగితే, “అసలు మాటలు టీ దగ్గరే వస్తాయండీ,” అని నవ్వేది. నిజమే, నేనూ విన్నా.

నేను చదివింది మూడో తరగతి. కాలేజీవాళ్ళు అశ్రునివాళి అని రాయమన్నారు. కన్నీళ్ళు ఇంట్లో అయిపోయాయి. భయపడుతూనే ఊరుకుని, పక్కవాళ్ళని మాట్లాడనిచ్చే మనిషిని నా ఇన్నేళ్ళలో ఇంకొకర్ని చూడలేదు. ఇక చూడను.

సదస్సు ముందు సాయంత్రం ఆ కుర్చీల పోట్లాట నేను తేల్చలేదు. నాకూ పెద్దాడి భయమే. తల్లి లేని పిల్ల నలుగురిలో నవ్వులపాలైతే?

మర్నాడు పొద్దున పెద్దాడు కుర్చీలు పట్టించుకొచ్చేసరికి, స్టేజీ మెట్లకి అడ్డంగా కత్తిపీట వేసుకుని దోసకాయలు తరుగుతున్నా.

“లేమ్మా,” అన్నాడు.

“కూర ఎవరు తరుగుతారు, నువ్వా?” అన్నా.

కుర్చీలు కింద, వెనకాల వేయించాడు. పెద్దలొచ్చి కూర్చున్నారు. హారిక వాళ్ళమ్మ ప్రశ్నే అడిగి చాప మీద కూర్చుంది. ఎవరూ పలకలేదు. పెద్దాడు గొంతు సవరించుకున్నాడు. వాడి వంక చూశా. ఊరుకున్నాడు.

గోడవారగా ఒక కుర్రాడు లేచాడు. మాట రాక అలాగే నిలబడ్డాడు. అందరం ఆగాం. అప్పుడు చెప్పాడు.